అప్పున్నవాడే చెప్పి రాయించాలి

కొన్నేళ్ళ క్రితం మా శృంగవరపుకోటలో ఒక జనాజా నమాజుకు హాజరయ్యాను. సఫ్‌లు సరిచేసుకుంటుండగా మరణించినవారి పెద్దకుమారుడు ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఆనవాయితీ ప్రకారం, మా అబ్బా ఎవరికైనా ఏమైనా ఇవ్వవలసి ఉంటే దయచేసి నాతో చెప్పండి, తీర్చే బాధ్యత నాది అని ప్రకటించాడు. ఇలాంటి ప్రకటన మనందరం ఎన్నోసార్లు విన్నదే. విని తలలు దించుకుంటాం, తక్బీర్ చెప్పగానే మర్చిపోతాం. కానీ ఆ అబ్బాయి మర్చిపోవడానికి వీల్లేకపోయింది. మూడో రోజుకల్లా ముగ్గురు వచ్చారు. ఒకాయన దగ్గర ప్రాంసరీ నోటు ఉంది. రెండో ఆయన కిరాణా కొట్టు యజమాని, ముస్లిమేతర సోదరుడు, అరువు పుస్తకం తెచ్చి చూపించాడు. మూడో ఆయన వృద్ధుడు. ఆయన దగ్గర ఏ కాగితమూ లేదు. ఆపరేషను సమయంలో పన్నెండు వేలు చేబదులు ఇచ్చానని మాత్రం చెప్పాడు.

అబ్బాయి లోపలికి వెళ్ళి తల్లిని అడిగాడు. ఆమెకు నోటు సంగతి తెలియదు, చేబదులు సంగతీ తెలియదు. కిరాణా బాకీ ఉందని తెలుసుగానీ అంత పెరిగిందని తెలియదు. ముప్పై ఏళ్ళు ఒకే కప్పు కింద కాపురం చేసిన మనిషికి భర్త మెడమీద ఎంత బరువుందో ఆయన పోయాక గానీ తెలియలేదు.

ఆ రోజు నుంచి ఈ విషయం నన్ను వదలలేదు. అప్పు తీర్చడం గురించి మన మస్జిద్‌లలో బయానులు జరుగుతాయి, వడ్డీ హరామ్ అని హెచ్చరికలు వింటాం. మరి నెలకు పదిహేను వేలో ఇరవై వేలో సంపాదించే మనిషి ఆ అప్పులోంచి ఎలా బయటపడాలి? ఉప్పూ పప్పూ లెక్కల దగ్గర కూర్చుని ఆ దారిని ఎవరూ చెప్పరు. ఈ పాఠంలో ఆ పని చేద్దాం, ఇన్‌షా అల్లాహ్.

అప్పు ఎందుకంత బరువైనది

అల్లాహ్‌కు, దాసునికి మధ్య జరిగిన లోపాలను అల్లాహ్ తన కారుణ్యంతో క్షమించవచ్చు. కానీ తోటి మనిషి హక్కు ఆ మనిషికి ముట్టాలి, లేదా ఆ మనిషే మనస్ఫూర్తిగా మాఫీ చేయాలి. దైవమార్గంలో ప్రాణాలర్పించిన షహీద్‌కు సైతం అన్నీ మన్నించబడతాయిగానీ అప్పు మన్నించబడదని దైవప్రవక్త (సఅసం) తెలియజేశారు (ముస్లిం). ప్రాణమిచ్చిన వాని పరిస్థితే అదైతే, మనమెంత?

ఒకసారి ఆయన ముందు ఒక జనాజాను ఉంచారు. ఇతనికి అప్పేమైనా ఉందా అని అడిగారు. ఉందన్నారు. అయితే మీ సహచరునికి మీరే నమాజు చేయండి అని ఆయన వెనక్కి తగ్గారు. అప్పుడు హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ బాకీ నాది అని పూచీ పడిన తర్వాతే నమాజు చేయించారు (బుఖారీ). ఆ బాకీ కొద్ది దీనార్లే. తర్వాతి కాలంలో అల్లాహ్ విజయాలు ప్రసాదించి బైతుల్‌మాల్‌లోకి సొమ్ము వచ్చినప్పుడు, అప్పు మిగిల్చి పోయిన విశ్వాసుల తరఫున ఆ బాకీలు తీర్చే బాధ్యతను ఆయనే స్వీకరించారు. మొదటి సంఘటన మాత్రమే చెప్పి రెండోది చెప్పకుండా వదిలేసేవారున్నారు. అది న్యాయం కాదు. హెచ్చరించిన చేయీ, ఆదుకున్న చేయీ ఒక్కటే.

దైవప్రవక్త (సఅసం) నమాజులోనే అప్పు నుంచి శరణు వేడుకునేవారు. ఇంత ఎక్కువగా ఎందుకు వేడుకుంటారని ఒకరు అడిగితే, అప్పులపాలైన మనిషి మాట్లాడితే అబద్ధం, వాగ్దానం చేస్తే వాగ్దానభంగం అవుతుందని వివరించారు (బుఖారీ). మన ఇళ్ళల్లో దీనికి వేరే సాక్ష్యం అక్కరలేదు. వసూలుకు వచ్చినవాడు తలుపు కొడితే, అబ్బా ఇంట్లో లేరని చెప్పు అని పిల్లవాడిని పంపే ఇల్లు మనం చూడలేదా? ఆ రోజు ఆ పిల్లవాడు అబద్ధం నేర్చుకున్నది స్నేహితుల దగ్గర కాదు, సొంత ఇంట్లోనే.

ఇంతమాత్రాన అప్పు చేయడమే పాపమని అర్థం చేసుకోకూడదు. దైవప్రవక్త (సఅసం) స్వయంగా అవసరానికి అప్పు తీసుకున్నారు. ఆయన పరమపదించేనాటికి ఆయన కవచం ముప్పై సాల యవల కోసం ఒక యూదుని దగ్గర తాకట్టులో ఉంది. తిరిగి ఇచ్చేయాలన్న సంకల్పంతో తీసుకున్నవాని తరఫున అల్లాహ్ తీరుస్తాడని శుభవార్త కూడా ఇచ్చారు (బుఖారీ). అయితే సంకల్పం గుండెలో ఉందని చెప్పుకుంటే సరిపోదు. జేబులో నుంచి డబ్బు ఎటు పోతోందో చూస్తే ఆ సంకల్పం ఏపాటిదో తెలుస్తుంది.

ఆయత్ ఎవరిని చెప్పమంటోంది?

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే సుదీర్ఘమైన ఆయత్ నమాజు గురించి కాదు, హజ్ గురించి కాదు. అది అప్పు రాసుకోవడం గురించి. బఖర సూరాలోని 282వ ఆయత్. గడువు పెట్టి అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని, బాకీ చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుక్కోకూడదని అది ఆదేశిస్తుంది. ఇంతవరకు అందరికీ తెలుసు. కానీ ఒక్క సంగతి దగ్గర మనం ఆగి ఆలోచించం. రాసేవానికి చెప్పి రాయించవలసింది ఎవరు? అప్పు ఇచ్చినవాడు కాదు. తీసుకున్నవాడు. తన నోటితో తానే చెప్పాలి, అల్లాహ్‌కు భయపడాలి, అందులో ఏమాత్రం తగ్గించి చెప్పకూడదు.

ఎంత వివేకం ఉంది ఇందులో! ఇచ్చినవాడు చెబితే తీసుకున్నవాని చెవికి అది ఒక ఆరోపణలా వినిపిస్తుంది. తీసుకున్నవాడే చెబితే అది ఒప్పుకోలు అవుతుంది. తన నోటితో అంకె పలికిన మనిషి ఆ అంకెను ఇక దాచుకోలేడు.

ఈ ఆయత్ ఉద్దేశించింది ఇచ్చేవారికి, పుచ్చుకునేవారికి మధ్య జరిగే పత్రం. అయినా ఆ పద్ధతినే ఇంట్లో కూడా అనుసరించాలని నా మనవి. ఒక రాత్రి ఇషా నమాజు తర్వాత టీవీ ఆపేసి, పిల్లల పాత నోటుపుస్తకంలో మిగిలిన పేజీలు తీసుకుని భార్యాభర్తలు కూర్చోవాలి. భర్త చెప్పాలి, భార్య రాయాలి. భార్య చేసిన అప్పులుంటే, పొదుపు సంఘంలో తీసుకున్నవీ, పక్కింటామె దగ్గర తీసుకున్నవీ ఆమె చెప్పాలి, భర్త రాయాలి. చదువుకున్న ఆడపిల్ల ఇంట్లో ఉంటే ఆమె రాసినా సరే. ఆ రాత్రి ఒకరినొకరు దెప్పుకోకూడదు. ఇది ముందే మాట అనుకుని కూర్చోవాలి. లేకపోతే మూడో పద్దుకే పుస్తకం మూసేయాల్సి వస్తుంది.

అన్నట్టు, చాలామంది మగవారు మర్చిపోయే ఒక బాకీ ఉంది. నికాహ్ నాడు పదిమంది ముందు ఒప్పుకుని ఇంతవరకూ చెల్లించని మహర్. అది అలంకారానికి రాసిన అంకె కాదు, అప్పే. పుస్తకంలో మొదటి పేజీలో రాయవలసింది అదే.

ఒక ఇంటి లెక్క

ఒక ఇల్లు ఊహించుకుందాం. మన ఊరి నుంచి అరకు వెళ్ళే రోడ్డు మీద మోటారు సైకిళ్ళు బాగుచేసే షెడ్డు ఉన్న ఒక సోదరుడు. భార్య ఇంటి దగ్గర బట్టలు కుడుతుంది. ఇద్దరు పిల్లలు, మందులు వాడే తల్లి. చలికాలంలో అరకు, బొర్రా గుహలు చూడటానికి జనం పెద్ద ఎత్తున వస్తారు కాబట్టి షెడ్డుకు పని బాగుంటుంది. వానాకాలంలో కొన్ని రోజులు రెంచి పట్టే పని ఉండదు. ఇలాంటి రాబడి ఉన్నవారు చేసే పొరపాటు ఒకటుంది. మంచి నెలను చూసుకుని ఖర్చు పెట్టుకుంటారు. లెక్క వేయవలసింది ఏడాదిలో అన్నిటికంటే తక్కువ వచ్చిన నెలతో. ఆ సోదరునికి అలాంటి నెలలో షెడ్డు మీద 15,000, కుట్టుపని మీద 3,000, మొత్తం 18,000 వస్తుందనుకుందాం.

పుస్తకం తెరవకముందు అప్పెంత అని అడిగితే, ఒక అరవై వేలుంటుందేమో అంటాడు. చెప్పించి రాస్తే ఇలా తేలుతుంది. నగలు తాకట్టు పెట్టి తెచ్చింది 40,000, నూటికి రెండు వడ్డీ. రోజువారీ ఫైనాన్సులో ఇంకా అరవై రోజులు కట్టాలి, 6,000. సెల్‌ఫోన్ వాయిదాలు నెలకు 1,500 చొప్పున ఆరు, 9,000. కిరాణా అరువు 6,500. అక్క పెళ్ళికి బావగారు వడ్డీ లేకుండా ఇచ్చినవి 30,000. మొత్తం 91,500. అరవై వేలు అనుకున్నది తొంభై దాటింది. ఎవరో మోసం చేసి పెరిగింది కాదు, రాయకపోవడం వల్ల కనబడకుండా ఉన్నది.

ఇప్పుడు ఖర్చు. ఇంటి అద్దె 3,500. రేషను బియ్యం పోగా కిరాణా 5,000. పాలు, కూరగాయలు, మాంసం, చేపలు 3,200. గ్యాసు, కరెంటు 1,500. పిల్లల చదువు, బస్సు 1,600. తల్లి మందులు 900. ఫోను రీచార్జీలు 600. ఇవన్నీ కలిపి 16,300. ఫర్వాలేదు, ఇంకా మిగులుతోంది అనిపిస్తుంది. కానీ ఇందులో ఆయన జేబు ఖర్చు లేదు. బడ్డీ దగ్గర రోజుకు నాలుగు టీలు, సాయంత్రం పకోడీ, వచ్చిన స్నేహితునికి ఒక టీ. రోజుకు అరవై అనుకున్నా నెలకు 1,800. మొత్తం 18,100 అయింది. అంటే అప్పు వాయిదా ఒక్కటీ కట్టకముందే వంద రూపాయలు తక్కువ. దానిపై ఫైనాన్సుకు 3,000, తాకట్టు వడ్డీ 800, ఫోనుకు 1,500 కలిపితే నెల ఖర్చు 23,400. వచ్చేది 18,000. ప్రతి నెలా 5,400 లోటు. అది ఎలా పూడుతోంది? పాత ఫైనాన్సు ముగియకముందే కొత్త ఫైనాన్సు తీసుకుని. అసలు జబ్బు ఇదే. మిగతావన్నీ దాని లక్షణాలు.

రోజువారీ ఫైనాన్సు గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పక తప్పదు. పది వేలు రాసుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు తీసుకుంటారు. వెయ్యి రూపాయలే కదా, నూటికి పది అనుకుంటాం. కాదు. మొదటి రోజు నుంచే అసలు తగ్గుతూ పోతుంది. కాబట్టి ఆ వంద రోజుల్లో సగటున మన దగ్గర ఉండేది 4,500 మాత్రమే. దానిమీద వంద రోజులకు వెయ్యి అంటే నూటికి ఇరవై రెండు. ఏడాదికి లెక్కగడితే నూటికి ఎనభై! వడ్డీ హరామ్ అన్న ఆదేశం ఎవరిని కాపాడటానికి వచ్చిందో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. ఇందులో ఉన్నవారిని చూసి ఈసడించుకోవడం నా ఉద్దేశం కాదు. పిల్లవాడికి జ్వరం వచ్చిన రాత్రి మనలో ఎవరమూ వారి తలుపు తట్టలేదు, ఫైనాన్సువాడే తట్టాడు. ఆ నింద మన మీద కూడా ఉంది.

2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సూక్ష్మరుణ సంస్థల వారపు వసూళ్ళ తాకిడికి ఎన్ని కుటుంబాలు నలిగిపోయాయో పెద్దవారికి గుర్తుంటుంది. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, వారం వారం వసూళ్ళను నెలవారీ చేసి, వడ్డీ మొత్తం అసలును మించరాదని కట్టడి చేయవలసి వచ్చింది. ఒకరి అప్పు తీర్చడానికి ఇంకొకరి దగ్గర అప్పు చేయడం, దాన్ని తీర్చడానికి మూడో సంఘంలో చేరడం, ఇదే అప్పుడూ జరిగింది.

మళ్ళీ మన సోదరుని ఇంటికి వద్దాం. ముందు తెంచవలసింది వడ్డీ బంధాన్ని. తాకట్టులో ఉన్న నగలు రెండు. అందులో ఒకటి అమ్మితే 55,000 వస్తుందనుకుందాం. నెలకు 800 వడ్డీ కడుతూ ఆ రెండూ ఎప్పటికో విడిపించుకుందాం అనుకోవడం కంటే, ఒకటి అమ్మి రెండోదాన్ని ఇంటికి తెచ్చుకోవడం తెలివైన పని. ఆ సొమ్ముతో తాకట్టు అసలు, ఆ నెల వడ్డీ కలిపి 40,800, ఫైనాన్సు 6,000, కిరాణా 6,500 తీరిపోతాయి. 1,700 మిగులుతుంది. దాన్ని ఖర్చు చేయకూడదు. ఒక డబ్బాలో వేసి మూత పెట్టాలి. వచ్చే నెల జ్వరానికి ఫైనాన్సువాడి దగ్గరకు పరుగెత్తకుండా ఆపేది ఆ 1,700 రూపాయలే.

అయితే ఆ నగ ఎవరిది? భార్యది. పుట్టింటివారు పెట్టిందైనా, మహర్‌గా వచ్చిందైనా అది ఆమె సొంత ఆస్తి. ఆమె సంతోషంగా ఒప్పుకుంటే తప్ప భర్త దాన్ని తాకకూడదు. నిసా సూరా మొదట్లోనే స్త్రీలు మనస్ఫూర్తిగా ఇచ్చినదే భర్తకు ధర్మసమ్మతమని స్పష్టం చేయబడింది. అలిగి, కోప్పడి, మీ వాళ్ళు ఏం పెట్టారని దెప్పి ఇప్పించుకున్నది మనస్ఫూర్తిగా ఇచ్చినది కాదు. ఆమె ఇస్తే, అది బహుమానమా అప్పా అని అడగాలి. అప్పు అంటే, అదే పుస్తకంలో రాయాలి: ఇంటావిడకు ఇవ్వవలసింది 55,000, ఫలానా తేదీ. నవ్వులాటగా అనిపించవచ్చు. కానీ బజారులోని వడ్డీ వ్యాపారికి పత్రం రాసిచ్చిన మనిషి, భార్యకు రాసివ్వడానికి ఎందుకు సిగ్గుపడాలి? హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) భార్య జైనబ్ (రజి) తన సొమ్మును పేదవాడైన భర్తమీద ఖర్చు చేయవచ్చా అని అడిగించగా, రెండింతల పుణ్యముందని దైవప్రవక్త (సఅసం) తెలిపారు (బుఖారీ). ఆమె సొమ్ము ఆమెదే కాబట్టే ఆ పుణ్యం ఆమెకు రాయబడింది.

ఇప్పుడు వడ్డీ పోయింది. అయినా ఖర్చు 18,100, ఫోను 1,500 కలిపి 19,600. ఇంకా 1,600 లోటు. ఇక్కడే రోజువారీ జాగ్రత్త పనికొస్తుంది. జేబు ఖర్చు అరవై నుంచి ఇరవైకి తగ్గిస్తే నెలకు 1,200. ఇంటి నుంచి ఫ్లాస్కులో టీ పట్టుకెళ్ళినంత మాత్రాన షెడ్డు పరువు పోదు. కిరాణా అరువు మానేసి నెల మొదట్లో జాబితా రాసుకుని నగదు మీద తెస్తే కనీసం 500 తగ్గుతుంది. అరువు మీద తెచ్చేటప్పుడు ధర అడగం, అవసరం లేనిదీ సంచిలో పడుతుంది. మాంసం, చేపల్లో 500. రీచార్జీల్లో 200. మొత్తం 2,400. తల్లి మందుల్లో, పిల్లల పాలల్లో ఒక్క రూపాయి తగ్గించలేదని గమనించండి. పొదుపు పేరిట ముందు ఆడవాళ్ళ భోజనంలో, ముసలివారి మందుల్లో కోత పెట్టే ఇళ్ళున్నాయి. అది పొదుపు కాదు, దౌర్జన్యం. ఫుర్ఖాన్ సూరాలో అల్లాహ్ తన ప్రియదాసుల లక్షణంగా దుబారా, పిసినారితనం రెండింటికీ మధ్యన నిలిచే ఖర్చునే ప్రస్తావించాడు.

ఈ కోతల తర్వాత ఇంటి ఖర్చు 15,700, ఫోను 1,500. మిగిలేది 800. అది బావగారికి. ఆరు నెలల్లో ఫోను వాయిదాలు అయిపోతాయి, అప్పటికి బావగారికి 4,800 ముట్టి ఉంటుంది. ఆ తర్వాత నెలకు 2,300 చొప్పున ఇంకో పదకొండు నెలలు. అంటే ఏడాదిన్నర లోపే. చలికాలంలో మూడు నెలలు నెలకు 4,000 చొప్పున అదనంగా వచ్చి, దాన్ని కొత్త టీవీకి కాకుండా ఈ పద్దుకే జమ చేస్తే, సుమారు ఏడాదిలో ముగుస్తుంది. ఆ తర్వాత మిగిలేది భార్య పద్దు. దాన్ని కూడా తీర్చాలి.

అడగనివాని హక్కు

బావగారి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మనందరిలో ఉన్న ఒక దురలవాటు ఏమిటంటే, గుమ్మంలో నిలబడి కేకలు వేసేవానికి ముందు ఇస్తాం. అల్లాహ్ ప్రీతి కోసం ఇచ్చి, నోరు తెరిచి అడగలేక ఊరుకున్నవానికి చివర ఇస్తాం, లేదా ఇవ్వనే ఇవ్వం. అందుకే చేబదులు ఇచ్చేవారు కరువైపోయారు. ఇచ్చే స్థోమత ఉండి వాయిదా వేయడం అన్యాయమని దైవప్రవక్త (సఅసం) నిష్కర్షగా చెప్పారు (బుఖారీ, ముస్లిం). వడ్డీ బాకీని ముందు తెంచడం సరైనదే, కానీ చేబదులు ఇచ్చినవాని దగ్గరకు వెళ్ళి కూర్చుని, నా పరిస్థితి ఇది, ఈ నెల నుంచి 800 చొప్పున ఇస్తాను, గడువు ఇవ్వండి అని చెప్పాలి. దాక్కోకూడదు. ఆయన వీధిలో ఎదురైతే సందు మార్చకూడదు.

ఇచ్చినవారికి కూడా పాఠముంది. బాకీదారు ఇబ్బందుల్లో ఉంటే వెసులుబాటు కలిగేవరకు గడువు ఇవ్వాలని, వదిలేస్తే మరింత మేలని బఖర సూరా 280వ ఆయత్ బోధిస్తుంది. మస్జిదె నబవీలో హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) తన బాకీదారుతో వాదులాడుతుండగా స్వరాలు పెరిగాయి. దైవప్రవక్త (సఅసం) తన గది తెర తొలగించి, సగం వదిలేయమని చేత్తో సైగ చేశారు. కఅబ్ (రజి) వెంటనే ఒప్పుకున్నారు. ఆ మరుక్షణమే బాకీదారు వైపు తిరిగి, లేచి మిగతా సగం చెల్లించమన్నారు (బుఖారీ). ఒకరికి ఔదార్యం, మరొకరికి తక్షణ చెల్లింపు. ఒకే కూర్చున్నచోట రెండూ తేలాయి.

అప్పులో ఉన్నవారు వలీమాలకు, అఖీఖాలకు, ఆడపిల్ల పెళ్ళి షామియానాలకు మళ్ళీ అప్పు చేయడం గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. ఒక్క మేకతోనైనా వలీమా చేయమని చెప్పిన ప్రవక్త (సఅసం) ఉమ్మత్ మనది. మేకకు తోడు నాలుగు రకాల స్వీట్లు ఎక్కడి నుంచి వచ్చాయో మనకే తెలియాలి. చీటీ పాడుకుని అప్పు తీర్చాలనుకునేవారు మాత్రం ముందు ఒక ఆలిమ్‌ను అడగాలి. అందరూ సమానంగా వేసి వంతులవారీగా మొత్తం తీసుకునే చీటీ వేరు, తగ్గించి పాడుకుని ఆ తేడాను మిగతావారు పంచుకునే పాట చీటీ వేరు.

ఇంటి లెక్క ఎంత సరిచూసినా తీరని అప్పులుంటాయి. ఆపరేషన్లు, ప్రమాదాలు. అలాంటి రుణగ్రస్తులను జకాత్ పొందే ఎనిమిది వర్గాల్లో ఒకరిగా తౌబా సూరా పేర్కొంది. మనం మాత్రం జకాత్ అనగానే చీరలు, చిల్లర నోట్లు పంచేస్తాం. ఒక్క కుటుంబం మెడమీది వడ్డీ బాకీ తీర్చేస్తే వచ్చే రమజాన్‌కు ఆ కుటుంబమే ఇచ్చేవారిలో ఉండవచ్చు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1923లో హైదరాబాద్ సంస్థానంలో భూమి సెటిల్‌మెంటు శాఖ ఉద్యోగులు వడ్డీలేని పరస్పర సహాయ సంఘం పెట్టుకున్నారు. డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా ఇలాంటి సంఘాల గురించి లోకానికి తెలియజేశారు. 1961లో దేవ్‌బంద్‌లో ముస్లిం ఫండ్ మొదలైంది. నగ కుదువ పెట్టుకుని వడ్డీ లేకుండా అప్పు ఇవ్వడం ఇలాంటి నిధుల పద్ధతి. మన మొహల్లాలో ఇరవై ఇళ్ళు నెలకు వంద చొప్పున వేస్తే ఏడాదికి 24,000. ఒకరికి ఇచ్చి, వాయిదాలపై తిరిగి రాబట్టి, ఇంకొకరికి ఇవ్వవచ్చు. పుస్తకం మాత్రం పక్కాగా ఉండాలి, ఇద్దరు సంతకం చేయాలి.

హజ్రత్ జుబైర్ (రజి) సంగతితో ఆ అబ్బాయి దగ్గరకు తిరిగి వస్తాను. జమల్ యుద్ధం నాడు ఆయన తన కుమారుడు అబ్దుల్లాహ్ (రజి)ను పిలిచి, నాకున్న పెద్ద దిగులు నా అప్పేనని చెప్పారు. దుబారా వల్ల చేసిన అప్పు కాదది. జనం తమ సొమ్ము దాచమని తెస్తే, అమానత్‌గా ఉంచితే పోయే ప్రమాదముంది, నామీద అప్పుగా ఉండనీయండి అనేవారు. ఆయన అమరులయ్యాక లెక్క చూస్తే ఇరవై రెండు లక్షలు తేలింది. చేతిలో నగదు లేదు, భూములు, ఇళ్ళు ఉన్నాయి. లక్షా డెబ్బై వేలకు కొన్న గాబా భూమిని అబ్దుల్లాహ్ (రజి) పదహారు లక్షలకు అమ్మి బాకీలు తీర్చారు. ఇక ఆస్తి పంచమని తోబుట్టువులు అడిగారు. ఆయన పంచలేదు. నాలుగేళ్ళపాటు ప్రతి హజ్ కాలంలోనూ, జుబైర్ దగ్గర ఎవరికైనా రావలసి ఉంటే వచ్చి తీసుకోండని ప్రకటించి, ఆ తర్వాతే పంచారు (బుఖారీ). తండ్రి చెప్పి వెళ్ళారు కాబట్టి కుమారుడు తీర్చగలిగాడు.

మా ఊరి అబ్బాయికి తండ్రి చెప్పి వెళ్ళలేదు. నోటు బాకీ, కిరాణా బాకీ అతను తీర్చేశాడు. కాగితం లేని పన్నెండు వేల గురించి పెద్దలు రెండు రకాలుగా సలహా ఇచ్చారు. సాక్ష్యం లేనిదే వారసులు ఇవ్వనక్కరలేదన్నారు కొందరు. అది నిజమే. అతను ఆ వృద్ధుని ఇంటికే వెళ్ళాడు. ఆయన ఆపరేషను జరిగిన రోజు, తాను డబ్బు తీసుకెళ్ళిన బస్సు, ఆస్పత్రి వరండాలో ఇద్దరూ తిన్న ఇడ్లీ అన్నీ చెప్పాడు. చివర్లో, ఇవ్వకపోయినా ఏటీ అనుకోను బాబూ, మీ నాన్నకు నేనిచ్చానని నీకు తెలియాలని వచ్చాను అన్నాడు. అబ్బాయి తన చెల్లెలి నోటుపుస్తకం తీసి తేదీ వేసి, మా అబ్బా ఇవ్వవలసింది పన్నెండు వేలు అని గట్టిగా చదువుతూ రాశాడు. నెలకు వెయ్యి చొప్పున ఇస్తూ ప్రతిసారీ ఆయన చేత సంతకం పెట్టించుకున్నాడు. పదో నెల డబ్బు తీసుకున్నాక ఆ వృద్ధుడు పెన్ను తిరిగి ఇవ్వలేదు. మిగతా రెండు వేలు వదులుకున్నాను అని వంకర అక్షరాలతో తానే రాసి, కింద సంతకం పెట్టి పుస్తకం మూసి అబ్బాయి చేతిలో పెట్టాడు.